ఐదు సెల్లుల టార్చి

1956లో పబ్లిక్ వర్క్స్ శాఖ నన్ను సూపర్‌వైజరుగా నంద్యాలకు వేసింది. ఆళ్లగడ్డ వైపు పోయే కాలువలో కొంత మేర నా సెక్షను. సూపర్‌వైజరంటే ఇంజనీరుకు కింద, లష్కర్లకు పైన. లష్కరు గట్టు వెంట తిరిగి తూములు తెరిచి మూసే మనిషి. ఆ ఏడు వానలు మొహం చాటేయడంతో నీళ్లు వంతులవారీగా వదులుతున్నాం. ఎగువ రైతులు చీకటి పడగానే వంతు లేకపోయినా తూములెత్తేవారు. కాలువ చివరి రైతు ఓబుళరెడ్డి వరి పొట్ట దశలో ఉంది. నీళ్లందకపోతే గింజంతా తాలే.

దొంగలను పట్టి పేరు తెచ్చుకోవాలని నాకు మహా ఉబలాటం. ముందుగా మంచి టార్చి కావాలనుకుని బజారు నుంచి రెండు తెప్పించి పరీక్ష పెట్టాను. మూడు సెల్లులదాని వెలుగు ఆఫీసు గోడంతా సమంగా పరుచుకునేది, కాస్త దూరం పోతే నీరసపడేది. ఐదు సెల్లులది గోడ మీద పళ్లెమంత తెల్లటి చుక్క, చుట్టూ మసక వలయం. కానీ అవతలి గట్టున నీటిమట్టం చూపే గేజి పలక మీది అంకెలు చదివించింది. దూరం కొలుస్తూ వెనక్కి నడిచి బురదగుంటలో కూలబడ్డాను. టార్చిని మాత్రం తడవనివ్వలేదు. ఐదు సెల్లులదే ఉత్తమమని అక్కడే కూర్చుని తీర్మానించాను.

రోజూ సాయంత్రం లష్కరు మస్తాన్‌ను వెంటేసుకుని, గట్టు పొడవునా వెలుగు కొడుతూ బయల్దేరేవాణ్ణి. ఏ తూము చూసినా మూసే ఉండేది. పక్క మడిలో తడి మాత్రం ఆరేది కాదు. ఒక్కడూ దొరకలేదు. ఎన్ని కేసులు రాశావని ఇంజనీరు అడిగినప్పుడల్లా సున్నా అని చెప్పాల్సి వచ్చేది.

ఇంతలో ఓబుళరెడ్డి ఆఫీసుకు వచ్చాడు. ఫిర్యాదేననుకున్నాను.

“నీళ్లొస్తాండాయి సారూ,” అన్నాడు. “నీ లైటు దూరాన కనపడేసరికి పైనోళ్లు తూములు మూసి పరిగెత్తుతాండారు. నువ్వు రాకున్నా పర్వాలేదు, ఆ లైటును మటుకు రోజూ పంపించప్పా.”

మస్తాన్ నవ్వాపుకోలేక బయటికి పోయాడు. నాకూ నవ్వొచ్చింది, కాస్త ఆలస్యంగా. ఆ సాయంత్రం నుంచి మస్తాన్ ఒక్కడే టార్చి పట్టుకుని వెళ్లేవాడు. ఓబుళరెడ్డి వడ్లు ఇల్లు చేరాయి. పర్యవేక్షణ బాగుందని ఇంజనీరు నన్నే మెచ్చుకున్నాడు.

ఆ టార్చి ఎంత దూరం చూపిస్తుందో కొలిచాను కానీ, ఎంత దూరానికి కనపడుతుందో కొలవలేదు. పంటను కాచింది ఆ రెండోదే.