చింతపండుతో తోమిన నూరు గీతలు

మా చిన్నప్పుడు... ఆయుధ పూజకు ముందు రోజు ఇంట్లో ఉన్న ఇత్తడంతా పెరట్లోకి వచ్చేది. కుందులు, చెంబులు, గంట, హారతి పళ్ళెం... చింతపండు, ఇటుక పొడి వేసి తోమే పని నాది. నేను చెప్పే ఏడు నాకు పద్నాలుగేళ్ళు. ఇంటికి పెద్దదాన్ని. దీపం పెట్టేదీ నేనే.

ఆళ్లగడ్డలో మా ఇంటి వెనక రేకుల షెడ్డు ఉండేది. అందులో నాయన లేత్ మిషన్... ఇనుమును గుండ్రంగా తిప్పుతూ చెక్కేది. నంద్యాలలో ఎవరో పాత ఇనుము కింద తీసేస్తుంటే తెచ్చుకున్నాడు. రైతుల బోరు మోటార్ల షాఫ్టులు దాని మీదే సరిచేసేవాడు. పని లేని పూట ఆ మిషన్‌నే సరిచేసుకునేవాడు... ఒక వారం బెల్టు, ఒక వారం పిడి. మిషన్ మీదే ఆ మిషన్‌కు కావలసినవి చేసుకోవడం ఆయనకు సరదా.

నాకు ఆ నూనె వాసన పడేది కాదు. చెల్లెలు వసంతకు అదే ఇష్టం. నాకంటే నాలుగేళ్ళు చిన్నది. బడి నుంచి రాగానే పుస్తకాలు గడపలో పడేసి షెడ్డులోకి పోయేది.

"బెల్టు జారతాంది నాయనా" అనేది, మిషన్ చప్పుడు వంటింట్లో నుంచే విని.

"యాడ నేర్చినావే ఇది?" అని నాయన నవ్వేవాడు. "మిషన్ చెడిపోతే ఇంక డాక్టరమ్మ ఉంది మనకు."

ఆ ఏడు నాయన ఒక ఇత్తడి ఉంగరం చేస్తున్నాడు. వేలికి పెట్టుకునేది కాదు... మిషన్ చక్రానికి తొడిగేది. దాని మీద గీతలుంటాయి. ఎన్ని గీతలు తిప్పితే ఇనుము ఎంత తెగుతుందో లెక్క తెలుస్తుంది. పాతది అరిగిపోయి, నాయన కొన్నేళ్ళుగా అందాజు మీదే పని చేస్తున్నాడు. వెంట్రుక వాసి ఎక్కువ తెగినా షాఫ్టు పాడైపోయేది.

ఉంగరం చుట్టూ కాగితం చుట్టి, దాన్ని నూరు భాగాలు చేసి, ఉంగరం మీద నల్లరంగుతో సన్నగా నూరు గీతలు గీశాడు. కాగితం కొస పట్టుకున్నది వసంత. లెక్క పెట్టింది వసంత. ఇరవై రోజులు పట్టింది. లెక్క సరిపోయిందని తేలింది... పూజ అయ్యాక ఉలితో చెక్కుదామని ఉంగరాన్ని షెడ్డు కిటికీలో పెట్టాడు.

ఆ కిటికీలోనే దేవుడి పటం ముందు చిన్న కుంది ఉండేది. దాన్ని తోమడానికి తెస్తూ, పక్కనున్న ఉంగరాన్నీ తెచ్చాను. ఇత్తడే కదా... దాని నిండా నల్లటి మరకలు. అవి గీతలని నాకు తెలియదు. తెలుసుకోవాలని ఒక్కనాడూ అనుకోలేదు. పోకపోతే ఇంకో రెండుసార్లు చింతపండు పెట్టి రుద్దాను. బంగారంలా మెరిసింది. తీసుకెళ్ళి కిటికీలో పెట్టేశాను, ఎవరూ చూడలేదు.

మరుసటి పొద్దున షెడ్డులో నాయన గొంతు.

"ఎవురు ముట్టినారు దీన్ని? గీసిన గీతలన్నీ పోయినాయే!"

అందరం పోయాం. నా చేతిలో పూల బుట్ట. ఆ ఉంగరం చూడగానే నాకు అర్థమైంది.

నాయన చూపు వసంత మీద ఆగింది. "నువ్వేనా?"

"నేను కాదు నాయనా."

"నువ్వు కాకపోతే ఇంకెవురే?" అంది అమ్మ. "పొద్దన లేస్తే ఈడనే ఉంటావు. పెద్దది దీపానికి తప్ప ఈ తట్టు తొంగి గూడా చూడదు."

"నేను కాదమ్మా... దేవుని తోడు, నేను కాదు..."

"అబద్ధం గూడానా?" నాయన గొంతు పెద్దదైంది. "ఇంక షెడ్డులో అడుగు పెట్టినావంటే కాళ్ళు ఇరగ్గొడతా."

నా వేళ్ళకు ఇంకా చింతపండు వాసన ఉంది. ఒక్క మాట చెబితే చాలు. చెప్పలేదు... అందరూ నన్ను బుద్ధిమంతురాలంటారు కదా, ఆ పేరు పోతుందని. వసంత ఏడుస్తూ వెళ్ళిపోయింది. నేను మిషన్‌కు పసుపు కుంకుమ పెట్టి, దీపం వెలిగించి, కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నాను.

నాయన మళ్ళీ గీశాడు, చెక్కాడు. కాగితం కొస ఒక మేకుకు కట్టుకున్నాడు. వసంత ఆ తర్వాత షెడ్డులోకి పోలేదు.

నాయన పోయి చాలా ఏళ్ళయింది. మొన్న షెడ్డు ఖాళీ చేస్తుంటే ఆ ఉంగరం దొరికింది. నంద్యాల బస్సెక్కి వసంత ఇంటికి తీసుకెళ్ళాను. ఆమె ఇంట్లో బట్టలు కుడుతుంది.

చూసి నవ్వింది. "నేను చెడిపింది ఇదే కదక్కా?"

"నేను కాదు, నేను కాదని ఏడ్చినావు కదే?"

"ఏడిస్తి. అందరూ నువ్వే నువ్వే అంటాంటే, నిజంగా నేనే చేసినానేమో అనుకుంటిని. ఇప్పటికీ కుట్టు మిషన్ సూది మార్చాలంటే మా ఆయన్నే పిలుస్తా. నా చేయి పడితే చెడిపోతాదని భయం."

అప్పుడు చెప్పాను. అంతా.

ఆమె బొటనవేలితో గీతలు తడుముతూ ఉంగరాన్ని తిప్పింది... నూరు దాకా లెక్కపెట్టిందేమో.

"అప్పుడే చెప్పింటే ఏమయ్యేదక్కా?"

ఏమీ అయ్యేది కాదు. నాయన ఒక అరుపు అరిచి ఊరుకునేవాడు. అంతే... ఆ ఒక్క అరుపుకు భయపడ్డాను.

"అన్నం తిందాం రా" అంటూ లేచింది. ఉంగరాన్ని కుట్టు మిషన్ సొరుగులో పెట్టుకుంది. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

ఇప్పటి మిషన్ల మీద అంకెలు వాటంతట అవే వెలుగుతాయట. గీతలు గీసే పని లేదు, కాగితం కొస పట్టుకునే పిల్ల అక్కర లేదు... నేను మాత్రం ఇంకా చింతపండుతోనే కుందులు తోముతున్నాను. దండం పెట్టేటప్పుడు చేతులు వాసన వస్తాయి.

మీ ఇంట్లో కూడా మీరు చేసిన తప్పు ఇంకొకరి పేరు మీద ఉండిపోయిందా? ఉంటే... ముందు వాళ్ళకు చెప్పండి. తర్వాత ఇక్కడ రాయండి.