సెన్సర్‌కు పెట్టిన బొట్టు

మా వాడకట్టు పోచమ్మ వెండి కిరీటం, కడియాలు గుడిలో ఉండవు. బోనాలు అయ్యాక ఏడాదికొక ఇంటికి వంతుగా వస్తాయి. పోయినేడు ఆ వంతు మాది. ఇబ్రహీంపట్నంలో మాది వీధి చివరి ఇల్లు కాబట్టి అలారం పెట్టించాను.

బిగించడానికి వచ్చినతను ముందు ఏ గ్రేడ్ కావాలని అడిగాడు. నాకు అర్థం కాలేదు.

"దొంగ ఎసొంటోడో గదే గ్రేడు సార్. ఊరికె తలుపు నూకి చూసెటోనికి ఒకటి. జర తెలివి, చేతుల సామాన్లు ఉన్నోనికి రెండు. అలారం సంగతి గూడ తెల్సినోనికి మూడు. నాలుగు మీకక్కర్లే, గది మస్తు పెద్ద జాగలకు."

"రెండుకు, మూడుకు ఏం ఫరక్?"

"సెన్సర్‌కు ఏదన్న అడ్డం పెడ్తె మూడోది మొత్తుకుంటది. రెండోదానికి తెల్వది."

మా ఇంట్లో అడ్డం పెట్టేవాళ్లెవరని రెండే చాలన్నాను. బిగించాక నడవాలో నడిచి చూశాను. సైరన్ మోగింది. ఆ సంగతి డైరీలో రాసి నిశ్చింతగా ఉన్నాను.

దసరా వెళ్లిన వారం, ఇంటికి తాళం వేసి అలారం ఆన్ చేసి కందుకూరులో పెళ్లికి వెళ్లాం. భోజనాల వేళ పక్కింటి కోడలు ఫోన్ చేసింది.

"పెద్దబాపూ, ఇంట్ల ఉన్నరా? మీ ఎనక తలుపు తీసున్నది."

"లోపటికి పోకు బిడ్డా! నలుగుర్ని పిలువు."

ఎంగిలి చేత్తోనే ఫోన్‌లో అలారం యాప్ తెరిచాను. ఇంట్లో కదలిక లేదని చూపిస్తోంది. వెనక తలుపు నుంచి వచ్చినవాడు నడవా దాటకుండా దేవుని గదికి పోలేడు. సెన్సర్ ఉన్నది నడవాలోనే.

"అమ్మవారి సొమ్ము పోతె వాడకట్టుకు మొకం ఎట్ల చూపెడ్తం?" దారి పొడుగునా మా ఆవిడ అదే మాట. నేను ఫోన్ చూస్తూనే ఉన్నాను. కదలిక లేదన్న ఆ ఒక్క వాక్యమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

వెనక తలుపు గడియ ఊడదీసి ఉంది. బట్టలన్నీ నేల మీద. దేవుని గదిలో ఇనుప బీరువా తలుపు ఒక మూల వంగింది. జేబులోంచి తాళంచెవి తీశాను. మా ఆవిడ లాక్కొని తెరిచింది. ఎర్రగుడ్డ మూట విప్పింది. కిరీటం, కడియాలు ఉన్నాయి.

"నేనొర్లంగనే గోడ దుంకి ఉరికిండు," అంది పక్కింటి కోడలు.

అలారం మళ్లీ ఆన్ చేసి నడవాలో నడిచాను. చప్పుడు లేదు. తలెత్తి చూస్తే సెన్సర్ కన్ను నిండా ఎండిన పసుపు, నడుమ కుంకుమ. దసరాకు స్కూటర్‌కు, మిక్సీకి, బోరు మోటార్ స్టార్టర్‌కు బొట్టు పెట్టిన చెయ్యి దీన్నీ వదల్లేదు.

"అన్నిటికి పెట్టి దీన్కి పెట్టకుంటె ఎట్ల?" అంది మా ఆవిడ. "దేవుని సొమ్ము కావలి కాస్తున్నది గద!"

మర్నాడు అలారం బిగించినతన్నే పిలిచి మూడో గ్రేడ్ సెన్సర్ మార్చమన్నాను.

"గదొక్కటి మారిస్తె కాదు సార్. అన్నిట్ల ఏది తక్కువుంటె గదే మీ ఇంటి గ్రేడు."

అన్నీ మార్పించాను, వెనక తలుపుకూ ఒకటి పెట్టించాను. అతను నిచ్చెన దిగగానే మా ఆవిడ ఎక్కి, పసుపు వేళ్లు చాచింది. ఇల్లంతా మోత.

"ఓయమ్మో! ముట్టనిస్తలేదు!"

కిందికి దిగి, సెన్సర్ కింద గోడకు బొట్టు పెట్టింది.