దుప్పటి కింది కీబోర్డు

రెండు వేసవుల కిందట ధర్మవరం బస్సులో ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. ఒళ్ళో పాటలు వాయించే పెద్ద కీబోర్డు. దాని మీద ఎండ పడకుండా తన తువ్వాలు కప్పి, తాను ఎండలోనే ఉన్నాడు. తువ్వాలు జారినప్పుడు చూశాను. అది నాకు బాగా తెలిసిన మోడలే.

“కొని ఎన్నాళ్ళయింది?” అని అడిగాను.

“పద్దెనిమిదేండ్లన్నా. మూడు బోర్లేపిస్తే ఒక్కదాంట్లోనూ నీళ్ళు పడల్యా. ఇది మాత్రం స్విచ్చేసినప్పుడల్లా పలికింది. ‘చేనొదిలేసి దీన్నే దున్నుకో’ అంటాది మా ఇంటామె.”

ఇప్పుడు మధ్యలో మూడు మెట్లు పలకడం లేదట. ఆ భాగాలు ఇక రావని, కొత్తది కొనుక్కోమని అనంతపురంలో రిపేరు చేసే మనిషి చెప్పాడట.

“కొత్తది నాకెందుకప్పా? ఎవురింట్లోనన్నా ఇట్లాంటిది మూలన పడుంటే చెప్పన్నా. దాని మెట్లు తీసి దీనికేసుకుంటా. లేకుంటే దీని పని అయిపోయినట్లే.”

మా ఇంట్లో ఉంది. చనిపోయిన మా తమ్ముడిది. బతికున్నన్నాళ్ళూ వాడు కూడా వేరేది కొననన్నాడు. చెబుదామని నోటిదాకా వచ్చింది.

“నాకు తెలిసి ఎవరింట్లోనూ లేదు” అన్నాను.

బత్తలపల్లిలో దిగుతూ ఆయనే నాకు సర్దిచెప్పాడు. “పోనీలేన్నా. ఉన్నా యాడిస్తారు? ఇట్లాంటిది ఉండేటోడు వాయించకుండా ఉంటాడా?”

తమ్ముడు పోయిన రోజు వాడి కీబోర్డు మీద కప్పిన దుప్పటిని ఇంతవరకూ ఎవరూ తీయలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, ఎప్పటిలాగే, దుప్పటి మీది దుమ్ము దులిపాను.