చెల్లెలి స్వెట్టరులో ఒక పూట

మొన్న ఆదివారం పేపరు విప్పుతుంటే మధ్యలోంచి ఒక కరపత్రం జారి ఒళ్ళో పడింది. ఇలాంటివి మామూలుగా ఏ కోచింగ్ సెంటరువో, సోఫాల తగ్గింపు అమ్మకాలవో అయివుంటాయి కాబట్టి చదవకుండానే నాలుగు మడతలు పెట్టి, కుదురుగా నిలవని వంటింటి బల్ల కాలి కింద దోపడం నా అలవాటు. దీని మీద మాత్రం ఒక కొండ, ఆ కొండ ముందు టోపీలు పెట్టుకుని నవ్వుతున్న పిల్లల ఫోటో ఉండేసరికి కళ్ళజోడు వెతుక్కున్నాను. కాన్సరుకు వైద్యం పొందుతున్న పిల్లలను నాలుగు రోజులు కొండ మీద విడిదికి తీసుకువెళుతున్నామనీ, ఒక్కొక్క బిడ్డ ఖర్చు ఒక్కొక్క దాత పెట్టుకుంటే బాగుంటుందనీ రాశారు. అంతా చదివి, చివర చిన్న అక్షరాల్లో ఉన్న ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ వాక్యం సంగతి ఆఖర్న చెబుతాను. దానికంటే ముందు నా కుళ్ళు సంగతి చెప్పాలి.

మీరూ నా ఈడువాళ్ళే అయితే, చిన్నప్పుడు మనల్ని ‘కుళ్ళుబోతు’ అని పెద్దవాళ్ళు ఎంత తేలిగ్గా అనేసేవారో గుర్తుండే ఉంటుంది. అవతలి పిల్ల రిబ్బను వంక రెండుసార్లు చూస్తే చాలు, ఆ బిరుదు తగిలించేసేవారు. నన్ను అనడంలో మాత్రం వాళ్ళ తప్పేమీ లేదు. నాకు నిజంగానే కుళ్ళు. అదీ ఎవరి మీదో కాదు, నాకంటే నాలుగేళ్ళు చిన్నదైన నా సొంత చెల్లెలి మీద.

ఎనభైల మొదట్లో మేము నగరిలో ఉండేవాళ్ళం. నాయన మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు, అమ్మా నేనూ ఇంట్లో నూలు కండెలు చుట్టేవాళ్ళం. పొద్దున లేచింది మొదలు వీధి నిండా మగ్గాల చప్పుడే కనుక అక్కడ అందరివీ పెద్ద గొంతులే, రహస్యమైనా సరే అరిచి చెప్పుకోవలసిందే. అలాంటి ఇంట్లో అమ్మా నాయనా ఒకరోజు పొయ్యి దగ్గర కూర్చుని గొంతు తగ్గించి మాట్లాడుకుంటుంటే ఏదో జరగరానిది జరిగిందని నాకు అర్థమైంది. చెల్లెలికి విడవకుండా వస్తున్న జ్వరం, ఒంటి మీద తేలుతున్న నీలం మచ్చలు, రాష్ట్రం ఎల్ల దాటి పెద్దాసుపత్రికి తీసుకుపోయి చేయించిన పరీక్షలు, అన్నీ కలిసి రక్తంలో కాన్సరని తేలింది. ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలికేవారు కాదు. ‘ఆ జబ్బు’ అనేవాళ్ళు.

ఆ జబ్బు వచ్చిన నాటి నుంచి చెల్లెలి వైభోగం మొదలైంది. అలా అనడం ఎంత పాపమో ఇప్పుడు తెలుసు గానీ, పదకొండేళ్ళ నా కళ్ళకు అది వైభోగమే. దానికి హార్లిక్సు సీసా వచ్చింది, ద్రాక్షపళ్ళు వచ్చాయి, రోజూ కోడిగుడ్డు వచ్చింది. ఆసుపత్రికి పోయే బస్సులో కిటికీ పక్క సీటు దానిది, నాయన ఒడి దానిది, అమ్మ పక్కలో చోటు దానిది. బడి లేదు, కండెలు లేవు, కుళాయి దగ్గర బిందెల వరసలో నిలబడే పని లేదు. నేను రోజూ లేవగానే నుదురు తడిమి చూసుకునేదాన్ని, ఏ కాస్తయినా వెచ్చగా ఉంటుందేమోనని. ఒకనాడు పొయ్యి ముందు కూర్చుని నుదురు బాగా కాగనిచ్చి, అమ్మ దగ్గరికి పోయి జ్వరమన్నాను. అమ్మ ముట్టుకుని చూసి, "నీకేమే, గుండ్రాయి మాదిరి ఉండావు. పోయి నీళ్ళు పట్టుకోని రా పో" అంది. ఆ మాటకు సంతోషించాలని ఇప్పుడనిపిస్తుంది గానీ, ఆ రోజు బిందె చంకన పెట్టుకుని కుళాయి దాకా ఏడుస్తూనే పోయాను.

మందులకు చెల్లెలి జుట్టు పిడికిళ్ళకొద్దీ ఊడటం మొదలవగానే అమ్మ తిరుమలకు మొక్కుకుంది. మొక్కింది అమ్మ, ఇచ్చింది మేము. నడుము దాటిన జడ నాది, ఆ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. నాయన, నేను, చెల్లెలు ముగ్గురం వరసగా కూర్చుని గుండు చేయించుకున్నాం. చెల్లెలి తల మీద మిగిలిన ఆ నాలుగు వెంట్రుకలు రాలిపడుతుంటే అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నా ఒళ్ళో పడిన అంత జడను చూసి ఎవరూ ఏడవలేదు. అయితే కొండ దిగి తిరుపతి వీధుల్లో నడుస్తుంటే ఒక సంగతి గమనించాను. నగరిలో చెల్లెల్ని తేరిపార చూసిన కళ్ళు ఇక్కడ లేవు. ఏది మొక్కు గుండో, ఏది జబ్బు గుండో ఆ ఊళ్ళో ఎవరూ పట్టించుకోరు.

అప్పుడే ఇలాంటి ఒక విడిది మాట వచ్చింది. పెద్దాసుపత్రిలో చెల్లెల్ని చూసే డాక్టరమ్మకు, సూదులు తప్ప ఇంకేమీ ఎరగని ఈ పిల్లలను నాలుగు రోజులు చల్లటి చోట చెట్ల మధ్య ఆడించాలని ఎప్పటి నుంచో కోరికట. ఆసుపత్రి సొమ్ము అందుకు రాదు కనుక ఆవిడే నగరి, పుత్తూరు, చిత్తూరు బజార్లు తిరిగి కొట్టు కొట్టుకూ మెట్లెక్కి అడిగింది. మగ్గాల యజమానులు తుండ్లు, దుప్పట్లు ఇచ్చారు. తిరుచానూరులో లాడ్జీ నడిపే ఆయన ఒకరు బస్సు మాట్లాడిపెట్టారు. జవుళి షావుకార్లు తలా ఒక బిడ్డను తమ పేర రాయించుకున్నారు. మన వైపు దానం చేసేవాళ్ళ పద్ధతి మీకు తెలిసిందే, ఇచ్చేది నలుగురి ముందు తమ చేతులతో ఇవ్వాలి, ఇచ్చిన వస్తువు మీద పేరు ఉండాలి. అందుకని ప్రతి బిడ్డకూ ఒక ఉన్ని స్వెట్టరు, ఒక స్టీలు పళ్ళెం, ఆ పళ్ళెం మీద పైన బిడ్డ పేరు, కింద దాత కొట్టు పేరు చెక్కించారు. వాటిని వేదిక మీద అందించి, ఫోటో తీయించి, అట్నుంచి అటే, అమ్మానాయనలు లేకుండా, పిల్లలను మాత్రమే బస్సెక్కిస్తారు. బస్సు పోయేది మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండకు. ఎండాకాలంలో కూడా ఆ కొండ మీద దుప్పటి కప్పుకోవాలని మా బడిలో అయ్యవారు చెప్పగా విన్నాను. చెల్లెలు రోజూ లేస్తూనే ఇంకెన్ని రోజులని అడిగేది. అడిగినప్పుడల్లా నాకు కడుపు మండేది.

ప్రయాణం నాడు పొద్దున్నే తిరుపతిలో ఒక సత్రం హాల్లో అందరం చేరాం. వస్తూనే చెల్లెలికి వాంతులు పట్టుకున్నాయి. అమ్మ దాన్ని వెనక కుళాయి దగ్గరికి తీసుకుపోయింది, నాయన బన్నులు తేవడానికి బయటికి పోయాడు. మందుల సంచీ ఒళ్ళో పెట్టుకుని నేనొక్కదాన్నే బెంచీ మీద కూర్చున్నాను. ఆ సంచీకి చెల్లెలి పేరు రాసిన అట్టముక్క కట్టి ఉంది. చెల్లెల్ని ఎరిగిన డాక్టరమ్మ ఏర్పాట్లు చూడటానికి ముందు రోజే కొండకు పోయి ఉంది. మైకులో దాని పేరు ఒకసారి పిలిచారు, రెండోసారి పిలిచారు. సాయానికి వచ్చిన టీచరమ్మ ఒకామె పరుగున వచ్చి, నా గుండు చూసి, సంచీ మీది పేరు చదివి, "ఈడ కూర్చోనుండావా పాపా? అప్పట్నుంచీ నిన్నే గదా పిలస్తా ఉండేది, లెయ్ లెయ్" అని చెయ్యి పట్టుకుంది. నేను కాదమ్మా అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట అనడానికి నాకు బోలెడంత వ్యవధి దొరికింది. సంచీ చంకన పెట్టుకుని ఆమె వెంట నడిచాను.

వేదిక మీద పుత్తూరు జవుళి షావుకారు నాకు ఎర్ర స్వెట్టరు తొడిగి, పళ్ళెం చేతికిచ్చి, గుండు మీద చెయ్యి పెట్టి దీవించాడు. ఫోటో తీశారు. హాలంతా చప్పట్లు కొట్టింది. నా కోసం నలుగురు చప్పట్లు కొట్టడం నా జన్మలో అదే మొదలు. స్వెట్టరు మెడ దగ్గర గుచ్చుకుంటున్నా దాన్ని విప్పాలనిపించలేదు. టీచరమ్మ నన్ను బస్సెక్కించి కిటికీ పక్కన కూర్చోబెట్టింది. బస్సు కదిలేటప్పుడు నేను సత్రం వైపు చూడలేదు. చూస్తే దిగవలసి వస్తుందని భయం.

పీలేరు, వాయల్పాడు దాటి కొండ మలుపులు తిరిగి పైకి చేరేసరికి మధ్యాహ్నమైంది. అక్కడి గాలి ముఖానికి తగలగానే అయ్యవారు చెప్పింది నిజమేనని తెలిసింది. ఆకాశానికి ఎగబాకిన నీలగిరి చెట్లు, కింద రాలిన ఆకులు తొక్కితే వచ్చే ఘాటు వాసన, ఎక్కడా మగ్గం చప్పుడన్నది లేదు. చెల్లెలి పేరున్న పళ్ళెంలో వేడి పప్పన్నం, నెయ్యి వేసుకుని కడుపు నిండా తిన్నాను. అన్నాలయ్యాక నర్సమ్మ ఒక్కొక్కరి సంచీ విప్పి మాత్రలు ఇస్తూ వచ్చింది. నా అరచేతిలో రెండు పడ్డాయి. చూస్తూనే గుర్తుపట్టాను. ఒక్క పూట కూడా తప్పకూడదని డాక్టరమ్మ చెప్పిన నాటి నుంచి, ఇంట్లో బియ్యం నిండుకున్న రోజున కూడా అమ్మ ఆ మాత్రలు తప్పించలేదు. అవి ఇప్పుడు నా చేతిలో ఉన్నాయి. నాలుగు రోజుల మందులూ ఈ కొండ మీద ఉన్నాయి, చెల్లెలు తిరుపతిలో ఉంది.

నిజం చెప్పాలి కదా, అప్పుడు కూడా వెంటనే నోరు పెగల్లేదు. బయట పిల్లలు బంతి ఆడుతున్నారు. సాయంత్రం అందరినీ గుర్రం ఎక్కిస్తామన్నారు. చెబితే అదంతా పోతుంది. చెప్పకపోతే చెల్లెలికి ఏమవుతుందో ఆలోచించడానికి కూడా భయమేసింది. మాత్రలు చెమటకు అరచేతికి అంటుకుపోయాయి. చివరికి నర్సమ్మ చీర కొంగు పట్టుకుని, "అక్కా, ఇవి నాయి కాదు. మా చెల్లెలివి. అది ఈడ లేదు, తిరుపతిలో ఉండాది" అన్నాను.

డాక్టరమ్మ వచ్చింది. కొడుతుందనుకున్నాను. ఆవిడ నా పక్కన కూర్చుని, తన తమిళం కలిసిన తెలుగులో, "ఇప్పుడైనా చెప్పితివే, అది చాలు" అని, మందుల సంచీతో నన్ను జీపెక్కించి కిందికి పంపింది. దీపాలు పెట్టే వేళకు సత్రం చేరాం. జాబితాలో చెల్లెలి పేరు ఎక్కినట్టే ఉంది కనుక, రావలసిన పిల్లలంతా ఎక్కాకే బస్సు బయలుదేరిందని సత్రం కాపలా అతను నాయనకు చెప్పాడట. నేను ఆ బస్సులో ఉంటానని ఎవరికీ తట్టలేదు. నాయన బస్టాండు, రైల్వేస్టేషను వెతికి, పోలీసులకు చెప్పి, అప్పుడే తిరిగి వచ్చి ఉన్నాడు. "యాడికి పోయినావే తల్లీ" అని నన్ను పట్టుకుని వదల్లేదు. అమ్మ ముందు చెల్లెలి చేత మాత్రలు మింగించింది, ఆ తర్వాత నా వీపు మీద రెండు దెబ్బలు వేసింది, ఆ తర్వాత నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఎంతో కాలానికి దొరికిన ఒడి, దెబ్బలతో కలిపి అయినా నాకు సంతోషమే.

మర్నాడు పొద్దున అదే జీపులో చెల్లెలు కొండకు పోయింది. జీపులో నాకూ చోటుంది గానీ అక్కడ మంచాలు దాతలు తమ పేర రాయించుకున్న బిడ్డలకే ఉన్నాయి. నేను స్వెట్టరు విప్పి దానికి తొడిగాను. దాని చేతులు మోచేతుల దాకా మడవవలసి వచ్చింది. "అక్కా, ఆడ సలిగా ఉండాదా? ఏమేముండాయి?" అని అడిగింది. "ఏమీ లేవు. ఉత్త సెట్లు" అన్నాను. "అయినా సూసొస్తా" అని జీపెక్కింది.

తిరిగి వచ్చినప్పుడు దాని పళ్ళెం నిండా నీలగిరి ఆకులు. "నువ్వు అబద్ధం సెప్పినావు, ఆడ సానా ఉండాయి" అని మొదలుపెట్టి వారం రోజులు గుర్రం కథ, కోతుల కథ చెబుతూనే ఉంది. నేను కండెలు చుడుతూ, విననట్టు నటిస్తూ, ఒక్క మాట పోనివ్వకుండా విన్నాను. వచ్చే ఏడు అక్కను కూడా తీసుకుపోవాలని అది డాక్టరమ్మతో ఒప్పందం చేసుకుని వచ్చిందట. ఆవిడ నిజంగానే దాతలను అడిగింది కూడా. జబ్బు లేని బిడ్డకు దానం ఎందుకమ్మా అన్నారట వాళ్ళు. వాళ్ళను తప్పుపట్టలేను, నీకేమే అని మా అమ్మ అన్నది కూడా అదే కదా.

ఆ తర్వాత కొన్నాళ్ళు దానికి బాగానే ఉంది, మందులు ఆపారు. ఇద్దరికీ జుట్టు వచ్చింది. నాకు పాతదే, చీపురు పుల్లల్లా నిటారుగా వచ్చింది. దానికి, ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, వత్తుగా ఉంగరాల జుట్టు వచ్చింది. వీధిలో వాళ్ళంతా దాని తల నిమిరి పోయేవారు. దానికీ కుళ్ళుకున్నాను. మరుసటి ఏడు జబ్బు తిరగబెట్టింది. ఈసారి జుట్టు ఊడేదాకా కూడా అది ఉండలేదు.

అది పోయాక గానీ మా ఇంట్లో దాని ఫోటో ఒక్కటీ లేదని ఎవరికీ గుర్తురాలేదు. అప్పుడు నాయనకు వేదిక మీద తీసిన ఫోటో గుర్తొచ్చి పుత్తూరు పోయాడు. షావుకారు కొట్టులో గోడకు తగిలించి ఉంది, కింద చక్కగా చెల్లెలి పేరు రాసి ఉంది. పాపం ఆయన తానే మేకు నుంచి దించి ఇవ్వబోయాడట. నాయన కాసేపు చూసి, "బాగుండాది సామీ, ఈడనే ఉండనీండి" అని వచ్చేశాడు. నాతో ఆ సంగతి ఎత్తలేదు. చాలా ఏళ్ళకు నా పెళ్ళి చీరలకు ఆ కొట్టుకు పోయినప్పుడు, అమ్మ తలెత్తకుండా చీరలే చూస్తుంటే, నేను గోడ వంక చూశాను. ఎర్ర స్వెట్టరులో నేను నవ్వుతున్నాను. నాయన తిట్టి ఉన్నా బాగుండేది.

ఇప్పుడు నా మనవరాలు అన్నం తిన్నా ఫోటో, తినకపోయినా ఫోటో. చెల్లెలి ముఖం మాత్రం నా కళ్ళలో తప్ప ఇంకెక్కడా లేదు, నా కళ్ళకేమో శుక్లాలు మొదలయ్యాయి. పళ్ళెం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. తోమి తోమి కొట్టు పేరు చెరిగిపోయింది గానీ, దాని పేరు మీద వేలు పెడితే ఇంకా తగులుతుంది.

ఇక ఆ చిన్న అక్షరాల వాక్యం. బిడ్డతో పాటు అక్కనో, అన్ననో, తమ్ముణ్ణో, ఎవరో ఒక తోబుట్టువును కూడా తీసుకువెళతారట, వాళ్ళకూ వేరే దాతలు కావాలట. ఆ కాగితం నింపి నిన్ననే పంపించాను. దాత పేరు అన్నచోట చెల్లెలి పేరు రాశాను. ఎవరి కోసం అన్నచోట, తోడు పోయే అక్క కోసం అని రాశాను. ఆ పిల్ల ఎవరో, ఏ ఊరిదో నాకు తెలియదు. తన చెల్లెలి పక్కనే కూర్చుని కొండెక్కబోతున్న ఆ అక్కను తలచుకుంటే, ఈ వయసులో కూడా నాకు కుళ్ళుగానే ఉంది.