సంచిలో రోలు వేసుకుని ఆళ్లగడ్డకు

కర్నూలులో మాది చిన్న వంటసామాన్ల దుకాణం. రాతి రోళ్లు పెట్టాక బేరం కాస్త పుంజుకుందని సంబరపడుతుండగానే ఒక టీచరమ్మ తన రోలు తెచ్చి నా బల్ల మీద ధడేల్మని పెట్టింది. "పచ్చడి నిండా ఇసుక. నా పన్ను అంచు విరిగింది. ఈ పచ్చడి నువ్వు తింటావా?" అని అందరి ముందూ అడిగింది. ఆ వారంలోనే ఇంకో రెండు వెనక్కి వచ్చాయి. కొత్తగా తెరుస్తున్న ఒక హోటలుకు ఇరవై రోళ్లు ఇస్తానని అప్పటికే మాటిచ్చి ఉన్నాను. వాటిలోనూ ఇసుక వస్తే దుకాణానికి తాళం వేసుకోవడమే. ఫోనులో సరుకు తెప్పించుకున్న సుఖం చాలనుకుని, టీచరమ్మ తెచ్చిన ఆ ఎనిమిది కిలోల రోలును సంచిలో వేసుకుని ఉదయం ఆరింటి బస్సెక్కాను.

ఎనిమిదిన్నరకు నంద్యాల. నాకు రోళ్లు పంపిన దుకాణం తొమ్మిదికి తెరుస్తామన్నారు, పదిన్నరకు తెరిచారు. ఈలోగా నలభై రూపాయలకు తిన్న ఉగ్గాని, బజ్జీ మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. ఆ రోజుకు అదొక్కటే సుఖం. దుకాణదారు రోలు వైపు సరిగా చూడను కూడా లేదు.

"ఇది మాది కాదక్కా."

"బిల్లు మీదే కదన్నా?"

"బిల్లు మాదే. రాయి మాది కాదు. ఆళ్లగడ్డ నుంచి వస్తాది. ఆడ పోయి అడుగుపో."

ఆ నోటితోనే కొత్త సరుకు చూపించాడు. "ఇరవై కావల్లంటే రేపే పంపిస్తా. చూడు, ఎట్ల మెరుస్తాండాయో!" వేలితో రుద్దితే వేలంతా నల్లటి నూనె. ఒళ్లు మండిపోయింది. బస్టాండుకు ఆటో యాభై, రాయి బరువుకు ఇంకో ఇరవై. ఆళ్లగడ్డ బస్సులో కండక్టరు సంచిని కాలితో తట్టి, "ఏందక్కా ఇది, రాయా? ఊరంతా రాళ్లు చెక్కే ఆళ్లగడ్డకు రాయి మోసుకుని పోతాండావా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. శిరివెళ్ల దగ్గర ఒక ట్రాక్టరు దారికి అడ్డంగా ఆగిపోయి, గంటంపావు ప్రయాణం రెండు గంటలైంది.

ఆళ్లగడ్డలో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. రోడ్డు పక్కన సగం చెక్కిన నందులు, ఉలుల చప్పుడు, తెల్లటి దుమ్ము. మొదటి షెడ్డులో, "మాది కాదు, కొన్నామెకు రోలు కడగడం వచ్చినట్టు లేదు" అన్నారు. రెండో షెడ్డులో, అసలిది ఈ జిల్లా రాయే కాదన్నారు. మరి ఇదేమన్నా ఆకాశం నుంచి ఊడిపడిందా అని గట్టిగానే అడిగేశాను. మూడు దాటింది. భుజం లాగేస్తోంది.

వీధి చివర టార్పాలిన్ పట్టా కింద దస్తగిరి అనే పెద్దాయన ఒక్కడే రోళ్లు చెక్కుతున్నాడు. నేను చెప్పడం పూర్తికాకముందే రోలును బోర్లించి అడుగు చూశాడు. తిప్పి, అంచు చుట్టూ చిన్న సుత్తితో కొట్టాడు. మూడు వైపులా ఖంగుమంది. నాలుగో వైపు మట్టికుండలా మోగింది.

"ఇది నాదేమ్మా," అన్నాడు.

పొద్దున్నుంచీ దాచుకున్న తిట్లు పక్కనపెట్టి, ఖాళీ సంచి పరుచుకుని అక్కడే కూర్చున్నాను.

"ఈ పక్క రాయి మెత్తన. అందుకే అడుగున రెండు గీతలు గీసి పక్కన పడేసింటి. పిట్టలకు నీళ్లు పెట్టుకుంటామని నంద్యాలోళ్లు తీసుకపోయిరి. నూనె పూసి నీకు అమ్మినట్టుండారు."

"అయితే తప్పు వాళ్లదే కదన్నా!"

"గీతలు గీస్తే ఏం లాభం? ఆ పొద్దే పగలగొట్టాల్సింది. ఎవురికన్నా దెబ్బ తగిలిందా?"

పన్ను సంగతి చెప్పాను. ఆయన పెద్ద సుత్తి తీసుకుని ఒక్క దెబ్బతో ఆ రోలును రెండు చెక్కలు చేశాడు.

వారంలో ఇరవై కావాలన్నాను. "ఎనిమిదే అయితాయి," అన్నాడు. నంద్యాలలో రేపే ఇస్తామంటున్నారని బెదిరించి చూశాను. "అయితే ఆడే తీసుకో," అని మళ్లీ ఉలి అందుకున్నాడు. అక్కడి నుంచే హోటలాయనకు ఫోను చేసి ముందు ఎనిమిదే వస్తాయని చెప్పాను. ఆయన చాలాసేపు విసుక్కుని ఒప్పుకున్నాడు. నేను లేవబోతుంటే దస్తగిరి ఇంట్లోకి వెళ్లి, వాడి వాడి నున్నబడ్డ ఒక రోలు తెచ్చి నా సంచిలో పెట్టాడు. దానికింకా వెల్లుల్లి వాసన ఉంది. "ఇది మా ఇంట్లోది. ఆ టీచరమ్మకు ఇయ్యి. మేం పదైదేండ్లుగా దీంట్లో నూరుకునే తింటాండాం." మళ్లీ ఎనిమిది కిలోలు!

రోజంతా తిట్టుకుంటూనే తిరిగాను, తిరుగు బస్సులోనూ తిట్టుకున్నాను. కానీ సరుకు ఇచ్చే మనిషిని ఎంచుకోవడం నాకు ఆ రోజే తెలిసింది. మెరిసే సరుకు అందరి దగ్గరా ఉంది. చెడిపోయినదాన్ని నాది అన్నవాడు ఒక్కడే దొరికాడు. మీరు ఇలాంటి పనిమీద ఇటు వస్తే, పాడైన సరుకునే వెంట తెచ్చి ముందు పెట్టండి. సంచి మాత్రం గట్టిది తెచ్చుకోండి, నాది తిరిగొచ్చేటప్పుడు శిరివెళ్ల దగ్గరే చిరిగింది. టీచరమ్మ దస్తగిరి రోలును తీసుకెళ్లింది. నాలుగు రోజుల తర్వాత డబ్బాడు గోంగూర పచ్చడి తెచ్చి, అప్పటిలాగే అందరి ముందూ నా బల్ల మీద పెట్టింది. మూత తీసి అక్కడే తిన్నాను.