గోడను తోసిన దర్జీ పిన్ని

వీధిలో అందరికీ ఆమె దర్జీ పిన్నే. యాభై దాటాయి. ఆమె కుట్టిన బట్టకు వంక పెట్టినవాళ్లు లేరు. దుకాణం చిన్నదే: ఒక మిషను, ఒక కటింగ్ బల్ల, ఒక నిలువుటద్దం. దాని ఇనుప షట్టరు మాత్రం గోదాముకు పెట్టాల్సినంత బరువు. తాళం పిన్ని తీసేది, పక్క కొట్టు సైకిల్ మెకానిక్ వచ్చి షట్టరు పైకి తోసేవాడు.

ఒక ఉదయం అతను జ్వరంతో రాలేదు. పిన్ని తనే షట్టరును నడుము దాకా లేపింది. అక్కణ్ణుంచి పైకి తొయ్యడానికి బలం చాల్లేదు. అది దభాలున కిందికొచ్చింది. బట్టల కోసం వచ్చినవాళ్లు ఎండలో నిలబడి చూస్తున్నారు. దారినపోయే ఎవరో సాయం చేశారు గాని, పిన్నికి తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రమే వదిన ఇంటికి వెళ్లింది. వదిన బళ్లో డ్రిల్ టీచరుగా పనిచేసి రిటైరైంది. ఆమె మామూలుగా మాట్లాడినా ఈల ఊదినట్టే ఉంటుంది.

"నా చేతుల్లో బలం లేదు వదినా. ఏదైనా చెప్పు."

"సరే, ఆ గోడను తొయ్యి."

"గోడ కదిలితే ఇంటి ఓనరు ఊరుకుంటాడా?"

"కదలాల్సింది గోడ కాదు, నువ్వు. అరచేతులు ఆనించు. మోచేతులు వంచి ముందుకు రా, మళ్లీ వెనక్కి తోసుకో. నడుము జారిందంటే వీపు మీద ఒక్కటిస్తాను."

గోడ సులువయ్యాక పిన్ని దుకాణంలో కటింగ్ బల్ల అంచు పట్టుకుని మొదలుపెట్టింది. తర్వాత ఉత్సాహం ఆపుకోలేక ఏకంగా నేలమీద దండీలకు దిగింది. భుజం పట్టేసింది. వదిన చెడామడా తిట్టి, నొప్పి పూర్తిగా తగ్గేదాకా ఆ ఊసే ఎత్తనివ్వలేదు. మళ్లీ గోడ నుంచే మొదలు. ఈసారి తొందరపడలేదు. బల్ల తర్వాత మోకాళ్లు నేలకు ఆనించి చేసింది. అది కుదిరాక మోకాళ్లు కూడా లేపింది.

బోర్లా పడుకుని ఉన్న భార్యను చూసి పిన్ని భర్త అడిగాడు: "ఏం పోగొట్టుకున్నావే, సూదా?"

"బద్ధకం," అంది పిన్ని, పైకి లేస్తూ.

వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం మెకానిక్ ఎప్పటిలాగే చేతులు దులుపుకుంటూ వచ్చాడు. పిన్ని ఆగమంది. షట్టరును ఛాతీ దాకా లేపి, కింద అరచేతులు ఆనించి, ఊపిరి బిగబట్టకుండా తోసింది. అది గడగడమంటూ పైకెళ్లి చుట్టుకుంది.

"ఇక నా ఉద్యోగం పోయినట్టే పిన్నిగారూ!"

"ఎక్కడికీ పోలేదయ్యా. ఆ గాడుల్లో కాస్త గ్రీజు పుయ్యి. బలముంది కదా అని రోజూ దీంతో కుస్తీ పట్టనా?"

కొలతలివ్వడానికి వచ్చే ఆడవాళ్లు కొందరు ఇప్పుడు బల్ల అంచు పట్టుకుని నేర్చుకుంటున్నారు. పిన్ని టేపు మెడలో వేసుకుని వాళ్ల నడుములు సరిచేస్తుంది.

ఈమధ్య తన బట్టలకే చేతులు బిగుతయ్యాయి. ఒక ఆదివారం కూర్చుని కుట్లన్నీ విప్పి వదులు చేసుకుంటుంటే, భర్త "లావయ్యావా?" అన్నాడు. పిన్ని మోచెయ్యి మడిచి, కండ పట్టి చూడమంది.