చప్పుడు లేని కంప్యూటర్

పైడిరాజుకు చూపు పోయాక ఇనప గనుల ఊరు కిరందుల్ అంతా అతనికి స్టెల్లా గొంతులోంచే కనబడేది. కొండకు మబ్బు పట్టిందని ఆమె చెబితే పట్టినట్టు. ఎదురింటి సోమారు కొత్త లుంగీ కట్టాడంటే కట్టినట్టు. రైల్వేలో కీమన్‌గా చేరి, భుజాన సుత్తి వేసుకుని పట్టాల వెంట నడిచిన మనిషి అతను. నీటికాసుల జబ్బు మెల్లమెల్లగా రెండు కళ్లనూ తినేసింది. కొన్నాళ్లు స్టేషన్ ఆఫీసులో ఫైళ్లు అందించే పనిలో పెట్టారు. రిటైరయ్యేనాటికి వెలుగేదో నీడేదో మాత్రం తెలిసేది. తర్వాత అదీ పోయింది.

విశాఖపట్నం నుంచి రైల్లో వచ్చే తెలుగు పేపరు స్టెల్లా అతనికి చదివి వినిపించేది. ఉన్నదున్నట్టు చదివే అలవాటు ఆమెకు లేదు. ఎవరో నాయకుడి మాటలు చదువుతూ చదువుతూ "ఈడి మొకం, ఈడి మాటలూ" అని తన వాక్యం ఒకటి కలిపేసేది. పేపరువాళ్లు రాసిందేదో, పెళ్లాం రాసిందేదో పోల్చుకుని పైడిరాజు నవ్వుకునేవాడు. అతనిది విజయనగరం దగ్గర పల్లె, అమ్మవారికి మొక్కుకుని పెట్టిన పేరు. ఆమెది పలాస వైపు నుంచి వచ్చిన క్రైస్తవ రైల్వే కుటుంబం. పెళ్లప్పుడు రెండిళ్లలోనూ పెద్ద గొడవైంది. ఆ గొడవలు సద్దుమణిగాక వీళ్లిద్దరూ సొంతంగా మొదలుపెట్టుకున్నారు. కూరలో ఉప్పు దగ్గర, కిటికీ తలుపు దగ్గర, కూతురికి ముందు ఎవరు ఫోన్ చేయాలన్న దగ్గర. వాళ్ల ఇంట్లో మాట ఆగిన పూట లేదు.

ఆ ఏడు ఎండాకాలంలో స్టెల్లా గొంతు బొంగురుపోయింది. గనుల ఎర్రధూళి పడలేదనుకున్నారు. చర్చిలో పాట అందుకోబోయి మధ్యలో ఆగిపోయిందని పక్కావిడ నాగలక్ష్మి వచ్చి చెప్పింది. పసుపు పాలు, మిరియాల కషాయం అన్నీ అయ్యాయి. తేడా మాత్రం పైడిరాజే ముందు పట్టుకున్నాడు.

"జలుబు గొంతు కాదే ఇది. లోపలెక్కడో గీసుకుంటంది. పద, విశాఖ ఎల్దాం."

విశాఖ ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చాక డాక్టరమ్మ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని తిన్నగా చెప్పింది. స్వరపేటికకు క్యాన్సర్, దాన్ని తీసేయాలి. తీస్తే మనిషి దక్కుతుంది, మాట దక్కదు. నెలలోపు ఆపరేషన్‌కు రమ్మంది.

తిరుగు రైల్లో స్టెల్లా కిటికీ పక్కన కూర్చుంది. ఎప్పుడొచ్చినా ఆ దారి పొడుగునా సొరంగం వచ్చిందనీ, లోయ కనబడుతోందనీ, కింద ఎవరో ఆవుల్ని తోలుకెళ్తున్నారనీ చెబుతూనే ఉండేది. ఆ రోజు ఒక్క మాటా లేదు. సొరంగాల్లో దూరినప్పుడల్లా చక్రాల మోత మారడం మాత్రం పైడిరాజుకు తెలుస్తోంది. కోరాపుట్ దాటాక ఆమె నోరు విప్పింది.

"నీకేమో కనబడదు. రేపట్నించి నాకు మాట రాదు. మరింక మనం ఎలాగ కొట్లాడుకుంటామయ్యా?"

పైడిరాజు నవ్వబోయాడు. నవ్వు రాలేదు. ఆమె చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు.

దారి చెప్పింది కూతురు రాజ్యశ్రీ. భిలాయిలో బడిపిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. అమ్మ చేత కొన్ని గంటలపాటు మాట్లాడించి రికార్డు చేస్తే కంప్యూటర్ ఆ గొంతు నేర్చుకుంటుందనీ, తర్వాత అమ్మ టైపు చేసిన మాటల్ని ఆ గొంతుతోనే పలుకుతుందనీ చెప్పింది. "కానీ నాన్నా, రికార్డింగ్ శుభ్రంగా ఉండాలి. ఫోన్లో కాదు, మంచి మైకు పెట్టి నేరుగా కంప్యూటర్లోకే చేయాలి. వెనకాల ఇంకో చప్పుడు వస్తే అది కూడా కలిసిపోతుంది" అంది. ఇలాంటి పనికి తగ్గ కంప్యూటర్ కట్టిచ్చే కుర్రాడు జగ్దల్‌పూర్‌లో ఉన్నాడనీ, అతను కూడా రైల్వే వాళ్ల అబ్బాయేననీ చెప్పి నంబరు పంపింది.

అతని పేరు అవినాష్. బట్టల కొట్టు పై అంతస్తులో ఒక్క గది. స్టూడియోల వాళ్లకు, ఆటలాడే కుర్రాళ్లకు, ఎవరి పనికి తగ్గట్టు వాళ్లకు ఏ ముక్కకాముక్క ఏరి కంప్యూటర్లు బిగిస్తాడు. మొగుడూ పెళ్లాలిద్దరూ పొద్దుటి రైలెక్కి వెళ్లారు.

"ఏం పనికి అంకుల్? గేమింగా, ఎడిటింగా?" అన్నాడు అవినాష్.

"మా ఆడదాని గొంతు దాయాల బాబూ" అన్నాడు పైడిరాజు.

అవినాష్ ఇద్దరికీ కుర్చీలు వేసి, సంగతంతా విన్నాడు. గొంతు నేర్పాలంటే బలమైన మెషిన్ కావాలి, బలమైనది వేడెక్కుతుంది, వేడి దించడానికి ఫ్యాన్లు తిరుగుతాయి, ఫ్యాన్లన్నాక ఎంతో కొంత చప్పుడు ఉంటుందని వివరంగా చెప్పాడు. చెప్పి మూలనున్న ఒకటి ఆన్ చేశాడు.

"ఇది రెడీగా ఉంది అంకుల్. వేరే కస్టమర్‌ది, అతను క్యాన్సిల్ చేసుకున్నాడు. ఇవాళే పట్టుకెళ్లొచ్చు. మైకు వైర్ పొడుగు లాగి దీన్ని పక్కగదిలో పెట్టుకుంటే కామ్ చల్ జాయేగా, పని నడిచిపోతుంది."

"నాకేటీ ఇనబళ్లేదు. బాగానే ఉందయ్యా" అంది స్టెల్లా, బొంగురు గొంతుతోనే.

పైడిరాజు లేచి, తడుముకుంటూ వెళ్లి ఆ పెట్టెకు చెవి ఆనించాడు. "ఉంది. లోపల ఈగ తిరుగుతన్నట్టుంది. మా రెండు గదులకీ మధ్యనున్నది సన్నటి గోడ. ఇదేటి ఒక్క రోజు ముచ్చటా? నా బతుకంతా నీ మాట ఎనకాల ఆ ఈగ తిరగాల్నా? ఒద్దు. బాబూ, అస్సలు చప్పుడు లేకండా కట్టగలవా?"

పనివాడిని ఆ మాట అడిగితే కాదనలేడు. అవినాష్ గొంతులో హుషారు వచ్చింది. "ఏక్‌దమ్ సైలెంట్‌గా కట్టొచ్చు అంకుల్. ఫ్యాన్ అనేదే ఉండదు. పెట్టె గోడలే వేడి లాక్కుంటాయి. ఆ పెట్టె ఇక్కడ దొరకదు, బయటినుంచి రావాలి. రెండు వారాలు, పోనీ మూడు."

"ఆపరేషన్ నెల్లోపు. సరిపోద్ది" అన్నాడు పైడిరాజు. స్టెల్లా ఏదో అనబోయి దగ్గింది. ఆర్డరు ఇచ్చేసి బయటికొచ్చారు.

ఆ పెట్టె మొదటిసారి వచ్చినప్పుడు ఒక మూల నొక్కుకుపోయి ఉంది. వెనక్కి పంపాడు అవినాష్. రెండోది బయల్దేరేసరికి వానలు ముంచుకొచ్చాయి. ఘాట్‌లో కొండ విరిగి లైను మీద పడింది, రోడ్డు కోసుకుపోయింది. పార్సిల్ ఎక్కడో గోదాములో ఆగిపోయింది. అవినాష్ రోజూ ఫోన్ చేసి "ఇవాళ కూడా రాలేదు అంకుల్" అనేవాడు. ఇక్కడ ఆపరేషన్ గడువు దగ్గరపడుతోంది, స్టెల్లా గొంతు రోజురోజుకూ అరిగిపోతోంది. బొంగురు పోయి గుసగుస మిగిలింది.

"ఫోన్లో సెప్పేత్తానయ్యా. ఉన్న గొంతుతో, వచ్చినకాడికి" అంది ఒక మధ్యాహ్నం.

"రేకుల మీద వాన ఇంటన్నావా? ఆ వానే ఇనబడతాది, నువ్వినబడవు. నాలుగు రోజులాగు. సరిగ్గా సేద్దాం."

స్టెల్లా ఫోన్ తీసి బల్ల మీద పెట్టేసింది. పెట్టిన చప్పుడు అతను విన్నాడు. ఆ పూట వాళ్లు కొట్లాడుకోలేదు.

మర్నాడు పొద్దున పొయ్యి దగ్గర ఆమెకు ఊపిరి అందలేదు. నాగలక్ష్మి కేకేస్తే సోమారు జీపు తెచ్చాడు. రోడ్లు చుట్టూ తిరిగి ఎలాగో విశాఖ చేర్చారు. ఇంక ఆగే వీలు లేదని వెంటనే లోపలికి తీసుకెళ్తామన్నారు. భిలాయి నుంచి రాజ్యశ్రీ ఇంకా దారిలోనే ఉంది. వరండాలో ట్రాలీ చక్రాల గరగర, ఎవరో బిడ్డ ఏడుపు, ఎవరినో హిందీలో పిలుస్తున్న కేకలు. ఆ గోలలో స్టెల్లా అతని చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుని ఏదో చెప్పింది.

"ఏటన్నావు?" అన్నాడు పైడిరాజు.

ఆమె మళ్లీ చెప్పింది. అతని చెంపకు ఊపిరి తగిలింది గాని మాట అందలేదు. మూడోసారి అడిగేలోపు చొక్కా పట్టు వదిలిపోయింది. ట్రాలీ వెళ్లిపోయింది.

ఆమె ప్రాణం దక్కింది. గొంతుకింద ఊపిరికి చిల్లు పెట్టారు. రేడియేషన్ కరెంటు పెట్టించుకోవడానికి ఇంకొన్నాళ్లు అక్కడే ఉండాల్సి వచ్చింది. మాట కోసం గొంతుకు ఆనించుకునే పరికరం ఒకటి ఇచ్చి చూశారు. రేకు డబ్బాలో తుమ్మెద దూరినట్టు మోగింది. స్టెల్లా దాన్ని రెండుసార్లు వాడి సంచిలో పడేసింది, మళ్లీ తీయలేదు.

వాళ్లు కిరందుల్ చేరిన వారానికి అవినాష్ కంప్యూటర్ తీసుకుని స్వయంగా వచ్చాడు. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడట. బల్ల మీద అమర్చి, వైర్లు తగిలించి, పక్కకు జరిగాడు.

"ఆన్ సేసినావా బాబూ?"

"ఆన్‌లోనే ఉంది అంకుల్."

పైడిరాజు పెట్టె పక్కకు చెవి ఆనించాడు. గోరువెచ్చగా తగిలింది. అంతకు మించి ఏమీ లేదు. ఈగ లేదు, చక్రం లేదు. అతను అడిగింది అడిగినట్టే కట్టుకొచ్చాడు కుర్రాడు. పైడిరాజు ఆ ఇనప పెట్టె మీద తల అలాగే ఉంచేశాడు. అవినాష్ వాకిట్లోకి వెళ్లిపోయాడు.

రాజ్యశ్రీ తన ఫోన్లో మిగిలిన అమ్మ మాటలన్నీ ఏరింది. బెండకాయలు ఎలా ఉన్నాయనో, ఫోన్ ఎందుకు ఎత్తవనో, అరనిమిషం చొప్పున ముక్కలు. వెనకాల కుక్కరు, టీవీ, సంత గోల. అవినాష్ వాటితోనే తంటాలు పడి ఒక గొంతు తయారుచేసి వినిపించాడు. పైడిరాజు తల వంచుకుని విన్నాడు.

"స్టెల్లా వాళ్ల అక్కలాగుంది. స్టెల్లా కాదు. తీసెయ్యి బాబూ."

ఇంక మిగిలింది కంప్యూటర్లో ముందే ఉండే ఆడగొంతు. వార్తలు చదివేవాళ్లలా తడబాటు లేకుండా పలుకుతుంది. స్టెల్లా ఒక్కో అక్షరం వెతుక్కుని టైపు చేయడం నేర్చుకుంది. పైడిరాజు మొదట అడిగింది ఒక్కటే. "ఆయాల ట్రాలీ మీద ఏటన్నావు?"

చాలాసేపటికి ఆ గొంతు మర్యాదగా పలికింది. "నీ చెప్పులు ట్రాలీ కింద పడతాయి, పక్కకు తీసుకో అన్నాను."

పైడిరాజుకు నవ్వొచ్చింది. ఆసుపత్రి నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాడు. ఆమె వచ్చి అతని తల పొట్టకు ఆనించుకుంది.

ఇంట్లో కష్టం వేరేచోట మొదలైంది. ఆమె ఎక్కడుందో అతనికి తెలియడం లేదు. వంటింట్లో గిన్నె మోగితే సరే, లేకపోతే లేదు. కంప్యూటర్ ముందు కూర్చుందేమో అనుకుందామంటే అది ఊపిరి కూడా పీల్చదు. కీబోర్డు మీటలు కూడా మెత్తనివే పెట్టాడు అవినాష్, ఆర్డరు అలాంటిది మరి. "స్టెల్లా, ఉన్నావే?" అని పిలుస్తూ పైడిరాజు గదంతా తడిమేవాడు. ఒకరోజు ఆమె పక్కనే ఉండగా ఖాళీ గదిలో పిలిచినట్టు పిలిచాడు. ఆమె భుజం తట్టేసరికి ఉలిక్కిపడి గోడకు గుద్దుకున్నాడు.

ఆ సంగతి రాజ్యశ్రీ చెప్పిందేమో, అవినాష్ మళ్లీ వచ్చాడు. "ఆంటీ, ఇది గేమ్‌లు ఆడేవాళ్ల కీబోర్డు. బహుత్ ఆవాజ్ కర్తా హై, చప్పుడెక్కువ. నచ్చకపోతే తీసేస్తా" అని పాతది తీసి కొత్తది తగిలించాడు. స్టెల్లా ఒక మీట నొక్కింది. టకీమంది. గది అవతల కూర్చున్న పైడిరాజు తల తిప్పాడు.

అప్పట్నుంచి అతను ఆ మీటల్ని వింటున్నాడు. ఆమె కోపంగా ఉన్నప్పుడు ఒక్కో అక్షరం మీద పిడిగుద్దు పడుతుంది. తోచనప్పుడు టక్కని ఆగి, మళ్లీ టక్కంటుంది. రాసింది కొట్టేసేటప్పుడు ఒకే మీట వరసగా పదిసార్లు మోగుతుంది. దాన్నీ గుర్తుపట్టాడు. "ఏటది, తిట్టు రాసి సెరిపేసినావా?" అంటే ఇంకో పిడిగుద్దు పడేది. కొట్లాట లాంటిది ఏదో ఇంటికి తిరిగొచ్చింది. కానీ పేపరు మాన్పించేశారు. కొండ మీద మబ్బు సంగతి చెప్పడానికి అన్ని అక్షరాలు వెతికే ఓపిక ఆమెకు లేదు. అడగడానికి అతనికీ మనసొప్పలేదు. అతని ఊరు ఆ రెండు గదులకు కుదించుకుపోయింది.

చలికాలం మొదట్లో ఒక సాయంత్రం ఉండబట్టలేక అన్నాడు.

"నాలుగు రోజులాగమన్నాను. నువ్వు ఫోన్లో సెప్తానన్నావు. నానే ఆపినాను."

మీటలు కొద్దిగా మోగాయి. "అవును. నువ్వే" అంది వార్తల గొంతు.

మీటలు మళ్లీ మోగాయి, ఈసారి చాలాసేపు. ఆ తర్వాత ఒకే మీట వరసగా, ఆగకుండా. ఏం రాసిందో అదంతా కొట్టేసింది. చివరికి ఆ గొంతు, "ఆ మాట ఇంక ఎత్తకు. లేచి కాళ్లు కడుక్కో, అన్నం పెడతాను" అంది.

అతను లేచి కాళ్లు కడుక్కున్నాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఆమె తనను క్షమించిందో లేదో అతనికి ఇప్పటికీ తెలియదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక స్టెల్లా కంప్యూటర్ ముందు కూర్చుంటుంది. అక్కడ అందరూ పాడుతుంటే పుస్తకం పట్టుకుని నిలబడుతుందని నాగలక్ష్మి చెప్పింది. ఇంటికొచ్చి చీరైనా మార్చుకోకుండా రాస్తుంది. మీటలు నెమ్మదిగా మోగుతాయి, ఆగుతాయి, మళ్లీ మోగుతాయి. పేజీలే అయ్యుండాలి. పలికించే మీట మాత్రం నొక్కదు. ఆ రాసేది కూతురికో, దేవుడికో, తన కోసమేనో పైడిరాజు అడగడు. కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకుని, ఆమె రాయడం ఆపేదాకా వింటూ కూర్చుంటాడు.